సెకన్ల ముల్లు చూసి వాచీ కొనడం

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ఆటో ఎక్కి 'క్లాక్ టవర్' అంటే చాలు, ఇంకో గుర్తు చెప్పే పని లేదు. ఊరి నడిబొడ్డున గడియారం పెట్టుకున్న ఈ పట్టణాల్లో కూడా చేతి వాచీ కొనబోయినవాళ్లు ముందు అడిగేది కంపెనీ, తర్వాత రంగు, ఆ తర్వాత ధర. షాపతను కూడా డయల్ మెరిసేటట్టు లైటు కింద పెట్టి చూపిస్తాడు. కానీ వాచీ ఏ జాతిదో చెప్పేది డయల్ మీది పేరు కాదు, సెకన్ల ముల్లు. దాన్ని పది సెకన్లు నిదానంగా చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

ముల్లు సెకనుకు ఒక్కసారి టక్కున దుమికి ఆగుతుంటే అది క్వార్ట్జ్, అంటే సెల్లు వాచీ. చిన్న చిన్న అడుగులతో, జారుతున్నట్టు పోతుంటే లోపల స్ప్రింగు ఉన్నట్టు: చాబీ వాచీ కావచ్చు, ఆటోమేటిక్ కావచ్చు. సెకనుకు నాలుగు అడుగులు వేసే క్వార్ట్జ్‌లు కూడా ఉన్నాయి గానీ తక్కువ. కాబట్టి డయల్ మీద 'ఆటోమేటిక్' అని రాసి ఉండి, ముల్లు సెకనుకోసారి దుముకుతుంటే ఆ రాతను నమ్మనక్కర్లేదు. ఫుట్‌పాత్ మీద 'ఫస్ట్ కాపీ' పేరుతో అమ్మే వాటిలో సగం ఈ ఒక్క పరీక్షకే దొరికిపోతాయి.

మంచి వాచీలోనే ముల్లు రెండేసి సెకన్లకోసారి రెండు గీతలు దాటుతుంటే అది చెడిపోయినట్టు కాదు. సెల్లు అయిపోవస్తున్నదని కొన్ని మిషన్లు ముందే ఇచ్చే హెచ్చరిక అది. ముల్లు ముందుకు పోకుండా ఉన్నచోటే వణుకుతుంటే సెల్లు బలం చాలడం లేదు, లేదా పళ్ల చక్రాల్లో మురికి పట్టింది. మధ్యలో ఉన్న పెద్ద ముల్లు పన్నెండు మీద కదలకుండా నిలబడి, పక్కన రెండు మీటలు, లోపల చిన్న డయళ్లు ఉంటే అది క్రోనోగ్రాఫ్. ఆ పెద్ద ముల్లు స్టాప్‌వాచీది. అసలు సెకన్లు ఒక చిన్న డయల్‌లో తిరుగుతుంటాయి. కొత్త వాచీ నడవడం లేదని మర్నాడే షాపుకు తిరిగి తెచ్చేవాళ్లలో కొందరి సమస్య ఇదే.

సెల్లు వాచీ

క్వార్ట్జ్ అంటే స్ఫటికం. లోపల కొన్ని మిల్లీమీటర్ల పొడవున, రెండు కాళ్ల కవ్వంలా చెక్కిన స్ఫటికం ముక్క ఉంటుంది. దానికి కరెంటు తగిలితే సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. రెండును పదిహేనుసార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య అది. సర్క్యూట్ ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే చివరికి సెకనుకు ఒకటే మిగులుతుంది. ఆ ఒక్క పోటు రాగి తీగ చుట్టలోకి పోయి చిన్న అయస్కాంతాన్ని సగం చుట్టు తిప్పుతుంది. ముల్లు ఒక గీత దుముకుతుంది. జపాన్ కంపెనీ సీకో ఈ పద్ధతిలో మొదటి చేతి వాచీ ఆస్ట్రాన్‌ను 1969 డిసెంబర్ 25న అమ్మకానికి పెట్టినప్పుడు ధర 4,50,000 యెన్లు, అప్పట్లో ఒక చిన్న కారు ధరంత. ఇవాళ అదే సూత్రం వందల రూపాయల వాచీలో నడుస్తున్నది. టైము విషయంలో దీన్ని ఖరీదైన స్ప్రింగు వాచీలు కూడా మామూలుగా అందుకోలేవు: మామూలు క్వార్ట్జ్ నెలకు 15 సెకన్లకు అటూ ఇటూ తేడా వస్తుంది, అంతే.

వేడి మాత్రం దీనికి పడదు. ఈ స్ఫటికాన్ని దాదాపు 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేటట్టు కోస్తారు. అంతకంటే వేడి పెరిగినా, చలి పెరిగినా వాచీ వెనకబడుతుందే గానీ ముందుకు పోదు. ఎండకాలం రేకుల షెడ్డులో 45 డిగ్రీల్లో రోజంతా పడి ఉన్న వాచీ రోజుకు సుమారు ఒక సెకను పోగొట్టుకుంటుంది. అదే వాచీ చేతికి ఉంటే ఒంటి వేడి, చెమట కలిసి దాన్ని 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంచుతాయి కాబట్టి టైము బాగా చూపిస్తుంది. వాచీని బీరువాలో దాచి పండుగలకే తీసేవాళ్లు టైము తప్పుతున్నదని అంటుంటారు, అందులో కొంత ఈ కారణం.

సెల్లు వాచీకి అసలు ప్రమాదం సెల్లుతోనే. ముళ్లున్న వాచీల్లో ఎక్కువగా వాడేది ఎస్ఆర్626ఎస్‌డబ్ల్యు, దానికే 377 అని ఇంకో నంబరు. 6.8 మిల్లీమీటర్ల వెడల్పు, 2.6 మందం, 1.55 వోల్టులు, సిల్వర్ ఆక్సైడ్ రకం. సరిగ్గా అదే సైజులో ఎల్ఆర్626 అనే ఆల్కలైన్ సెల్లు కూడా దొరుకుతుంది, చాలా చవక. రెండూ గూట్లో పట్టేస్తాయి, వాచీ రెండింటితోనూ నడుస్తుంది. తేడా నెలల తర్వాత కనబడుతుంది. సిల్వర్ ఆక్సైడ్ చివరిదాకా ఒకే వోల్టేజీ ఇచ్చి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆల్కలైన్ మెల్లగా నీరసపడుతుంది, పైగా కారే గుణం ఎక్కువ. కారిన ద్రవం పచ్చగా, తెల్లగా పేరుకుని తీగ చుట్టను తినేస్తుంది. అప్పుడు సెల్లు కాదు, మిషనే మార్చాలి. అందుకే సెల్లు వేయించేటప్పుడు దాని మీది అక్షరాలు చదవాలి. 'ఎస్ఆర్' ఉండాలి, 'ఎల్ఆర్' వద్దు. ఆగిపోయిన వాచీని సొరుగులో పడేసేముందు సెల్లు తీయించి పెట్టడం ఇంకా మంచిది.

సెల్లు మార్చే రెండు నిమిషాల పని కళ్లార చూడదగ్గది. వెనక మూత అంచున గోరు పట్టేంత చిన్న గాడి ఉంటుంది, బ్లేడు అక్కడే పెట్టి లేపాలి. మూత కింద వెంట్రుకంత సన్నని నల్ల రబ్బరు రింగు కనబడుతుంది. వాచీలోకి నీళ్లు రాకుండా ఆపేది ఆ రింగే. మూత తిరిగి నొక్కేటప్పుడు రింగు గాడిలో కూర్చోకుండా ఒకచోట మెలిపడితే మూత బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ మొదటి వానకే అద్దం లోపల ఆవిరి పడుతుంది. కొందరు మెకానిక్‌లు అడ్డం వస్తున్నదని రింగును తీసి పక్కన పెట్టేస్తారు. మూత వేసేముందు 'వాషర్ ఉన్నదా అన్నా' అని ఒక్క మాట అడిగితే పోయేదేమీ లేదు. ఆ రింగుకు చిటికెడు సిలికాన్ గ్రీజు రాసి పెడితే ఇంకా మంచిది.

డిజిటల్ వాచీల్లో 3 వోల్టుల లిథియం సెల్లు ఉంటుంది. 1989లో వచ్చిన క్యాషియో ఎఫ్-91డబ్ల్యు ఇప్పటికీ అమ్ముతున్నారు. ఒక సీఆర్2016 సెల్లుతో ఏడేళ్లు నడుస్తుందని కంపెనీ లెక్క. మొదటి వాచీగా బడిపిల్లలకు దానికంటే తక్కువ తలనొప్పి పెట్టేది లేదు. సోలార్ వాచీలో కూడా సెల్లు ఉంటుంది, చార్జ్ అయ్యే రకం. డయల్ సన్నగా వెలుతురును లోపలికి పోనిస్తుంది. నెలల తరబడి చీకటి బీరువాలో పెడితే ఆగిపోతుంది. అది చెడిపోయిందనుకోకుండా కిటికీ దగ్గర వెలుతురులో కొన్ని గంటలు పెట్టి చూడాలి. మండుటెండలో బండ మీద మాత్రం వద్దు.

స్మార్ట్‌వాచీ వాచీ కంటే చిన్న ఫోను అనుకోవడం నయం. బ్యాటరీ అరిగితే మార్చడం కష్టం. చర్మానికి సూది గుచ్చకుండా షుగర్ కొలుస్తామని చెప్పే వాచీలను నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది. షుగర్ ఉన్నవాళ్లు ఆ అంకె చూసి మందు వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పరీక్షల సంగతి కూడా ఇక్కడే: నీట్‌కు ఏ వాచీనైనా లోపలికి రానివ్వరు. వేరే పరీక్షలకు హాల్‌టికెట్ వెనక ఏం రాశారో చదువుకోవాలి.

చాబీ వాచీ, ఆటోమేటిక్

స్ప్రింగు వాచీలో కరెంటు ఉండదు. చుట్టిన ఉక్కు పట్టీ విప్పుకుంటూ పళ్ల చక్రాలను తోస్తుంది. ఆ తోపు ఒక్కసారే అయిపోకుండా బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ ఒక్కో పన్నును లెక్కపెట్టి వదులుతుంది. 'టిక్ టిక్' ఆ వదలడం చప్పుడే. పాత హెచ్ఎంటీ జనతలో ఈ ఊపు గంటకు 18,000, అంటే సెకనుకు 5. కొత్త వాచీల్లో 21,600 గాని 28,800 గాని ఉంటుంది. ముల్లు జారినట్టు కనబడేది ఈ అడుగులు దగ్గర దగ్గరగా పడటం వల్లే.

డయల్ మీద '17 జ్యువెల్స్' అని ఉంటే లోపల రత్నాలున్నాయని మురిసిపోనక్కర్లేదు. చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే కృత్రిమ కెంపు రాళ్లవి. మామూలు చాబీ వాచీకి 17 చాలు. ఎక్కువ రాళ్లుంటే ఎక్కువ మంచిదనేది అమ్మేవాళ్ల మాట.

చాబీ ఇచ్చే పద్ధతి చిన్నదే గానీ చాలామంది తప్పుగా ఇస్తారు. వాచీ చేతికి ఉండగా చాబీ తిప్పకూడదు. వేలు పక్కకు నొక్కి సన్నని కడ్డీ వంగుతుంది. తీసి అరచేతిలో పెట్టుకుని, రోజూ పొద్దున ఒకే వేళకు 20 నుంచి 30 చుట్లు తిప్పాలి. చివర్లో గట్టిగా తగులుతుంది, అక్కడ ఆపాలి. 'చాబీ ఎక్కువై వాచీ ఆగింది' అనే మాట తరచూ వినబడుతుంది. నిండుగా చాబీ ఇచ్చినంత మాత్రాన ఏ వాచీ ఆగదు. ఆగిందంటే లోపల నూనె ఎండి జిగురైంది. ఆ నూనె కోసమే నాలుగైదేళ్లకోసారి మిషన్ విప్పి కడిగి నూనె వేయించాలి.

ఆటోమేటిక్‌లో మిషన్ వెనక అర్ధచంద్రంలా బరువైన రోటర్ ఉంటుంది. చేయి కదిలితే అది తిరిగి స్ప్రింగును చుడుతుంది. సీకో 5 వాచీల్లో ఏళ్లపాటు వాడిన 7ఎస్26 మిషన్‌కు చేత్తో చాబీ ఇచ్చే ఏర్పాటే లేదు. ఆగిపోతే వాచీని అడ్డంగా పట్టుకుని పదిహేను ఇరవైసార్లు గుండ్రంగా తిప్పాలి. తీసి పెట్టాక 40 గంటల దాకా నడుస్తుంది, కాబట్టి శుక్రవారం రాత్రి తీసినది సోమవారం పొద్దున ఆగి ఉంటుంది. దాని తర్వాత వచ్చిన ఎన్‌హెచ్35కు చాబీ కూడా ఇవ్వొచ్చు. దానికి కంపెనీ ఒప్పుకున్న తేడా రోజుకు 20 సెకన్లు వెనక్కి నుంచి 40 సెకన్లు ముందుకు. నెలకు కాదు, రోజుకు. క్రోనోమీటర్లు, అంటే టైము సరిగ్గా ఉందని పరీక్షించి సర్టిఫై చేసిన ఖరీదైన స్విస్ వాచీలకు కూడా రోజుకు 4 సెకన్లు వెనక, 6 సెకన్లు ముందు దాకా సర్టిఫికెట్ ఇస్తారు. టైము కోసమే కొనేవాళ్లకు ఆటోమేటిక్ సరిపడదు. మిషన్ మీద ఇష్టంతో కొనేదది. ఈ సంగతి చెప్పకుండా అమ్మడం వల్లే వారానికే వాచీలు వెనక్కి వస్తుంటాయి.

తేదీ చూపే స్ప్రింగు వాచీల్లో రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీని చాబీతో మార్చకూడదు. ఆ వేళలో తేదీ చక్రాన్ని తోసే పన్ను అప్పటికే పట్టుకుని ఉంటుంది. బలవంతంగా తిప్పితే విరుగుతుంది. ఆగిపోయిన వాచీ మిషన్‌కు పగలో రాత్రో పైకి తెలియదు. అందుకే ముందు ముళ్లను ముందుకు తిప్పి, తేదీ మారగానే అది అర్ధరాత్రి అని లెక్కపెట్టుకోవాలి. తర్వాత ముళ్లను ఆరు గంటల దగ్గరికి తెచ్చి, అప్పుడు తేదీ దిద్దాలి.

ఆటోమేటిక్ ఉన్నట్టుండి రోజుకు కొన్ని నిమిషాలు ముందుకు పోతుంటే అయస్కాంతాన్ని అనుమానించాలి. స్పీకరు, ట్యాబ్ కవరు, పర్సు బటన్, వీటిలో ఏదైనా చాలు. వెంట్రుకంత సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని పొట్టివైనట్టు పనిచేస్తాయి, ఊపు వేగం పెరుగుతుంది. చిన్న దిక్సూచి పక్కన వాచీ పెడితే సూది కదులుతుంది. అయస్కాంత గుణాన్ని పోగొట్టే డీమ్యాగ్నెటైజర్ ఉన్న షాపులో క్షణాల పని; మిషన్ విప్పాలని ఎవరైనా అంటే ముందు ఇది చేయమనాలి.

వెనక మూత మీది రాత

వాచీని తిప్పి వెనక చదివేవాళ్లు తక్కువ. అక్కడ 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని ఉంటే మూత ఒక్కటే స్టీలు. మిగతా ఒళ్లు ఇత్తడికో జింకు లోహానికో పూత వేసినది. 'స్టెయిన్‌లెస్ స్టీల్' అని మాత్రమే, లేదా 'ఆల్' అన్న మాటతో ఉంటే ఒళ్లంతా స్టీలు. ఇక్కడి ఎండకాలానికి ఈ ఒక్క పదం తేడా పెద్దది. బెల్టు తగిలే కొమ్ముల లోపలి వైపు చెమట నిలిచి పూత ముందు అక్కడ పోతుంది, తర్వాత పచ్చగా చిలుము, దురద. తోలు బెల్టు కూడా మే నెల చెమటకు ఒక్క సీజన్‌లో వాసన కొడుతుంది. స్టీల్ చైన్ గాని సిలికాన్, నైలాన్ గాని పెట్టుకుని, తోలుదాన్ని చలికాలానికి ఉంచుకోవచ్చు. బెల్టు కొనేముందు రెండు కొమ్ముల మధ్య దూరం స్కేలుతో కొలవాలి. 18, 20, 22 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉండేవి.

'వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు' అంటే ముప్పై మీటర్ల లోతుకు దూకొచ్చని కాదు. కొత్త వాచీ, కదలని నీళ్లు, ఆ ఒత్తిడి కొద్దిసేపు తట్టుకుందని. 30 మీటర్లదానికి వాన, చేతులు కడుక్కోవడం వరకు. 50దానితో స్నానం చేసినా నడుస్తుంది గానీ వేడినీళ్లు, సబ్బు రబ్బరుకు శత్రువులు. ఊళ్లో వ్యవసాయ బావిలో ఈత కొట్టేవాళ్లకు 100 కావాలి. చేయి ఊపితే ఒత్తిడి పదింతలవుతుందని చెప్పేది అతిశయోక్తి: ఐదు మీటర్ల గడ్డ మీది నుంచి దూకినా ఆ వేగం కలిపే ఒత్తిడి సుమారు మరో ఐదు మీటర్ల లోతుకు సమానం, చేయి నీటిని చరిచిన క్షణంలో దెబ్బ కొంత ఎక్కువ తగలొచ్చు. అసలు దోషి గట్టిపడిన రబ్బరు రింగు, పూర్తిగా లోపలికి నొక్కని చాబీ. 'డైవర్స్' అని రాసి 200 మీటర్లు ఉంటే అది డైవింగ్ వాచీల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6425 ప్రకారం పరీక్షించినది కావాలి. లోపల ఆవిరి పడితే ఎండలో పెట్టవద్దు, బియ్యంలో పెట్టి లాభం లేదు; అదే రోజు మూత తీయించాలి.

అద్దం దగ్గర నల్లగొండ, పాలమూరు ప్రాంతాలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది దుమ్ము గురించి. చల్క నేలల ఇసుకలోనూ గ్రానైట్ పొడిలోనూ ఉండేది క్వార్ట్జే, వాచీలో టైము లెక్కపెట్టే పదార్థమే. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 7. మామూలు మినరల్ అద్దం 6 లోపే. అంటే గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేవాళ్ల చేతి మీది పొడి వాచీ అద్దాన్ని గీసేయగలదు. వాచీని చొక్కా అంచుతో రుద్దితే తుడిచినట్టు కాదు, సానబట్టినట్టు. ముందు ఊది, తడిబట్టతో అద్ది, ఆ తర్వాత తుడవాలి. సఫైర్, అంటే కృత్రిమ నీలం రాయితో చేసిన అద్దం గట్టిదనం 9. ఈ దుమ్ము దాన్ని ఏమీ చేయలేదు. కానీ షాబాద్ బండల మీద పడితే సఫైర్ పగులుతుంది. పాత వాచీల ప్లాస్టిక్ అద్దం గీతలు పడుతుంది గానీ పగలదు, టూత్‌పేస్టుతో రుద్దితే సన్న గీతలు పోతాయి. ఆ చిట్కా మిగతా రెంటి మీద పనిచేయదు.

డయల్ అంచున 'ట్యాకీమీటర్' అని అంకెలుంటే అది వేగం లెక్క. హైదరాబాద్–విజయవాడ హైవే మీద చిట్యాల దాటాక బస్సు కిటికీ పక్కన కూర్చుని ఒక కిలోమీటరు రాయి దగ్గర మీట నొక్కి, తర్వాతి రాయి దగ్గర ఆపితే ముల్లు ఏ అంకె చూపిస్తే అది గంటకు కిలోమీటర్ల వేగం. 45 సెకన్లకు 80, 40కి 90. చవక వాచీల్లో ఈ చిన్న డయళ్లు అచ్చువేసిన బొమ్మలే. మీట నొక్కితే ఏదీ కదలకపోతే అది అలంకారం. డైవర్ వాచీ మీది తిరిగే రింగు నీళ్లలో దిగనివాళ్లకు కూడా పనికొస్తుంది: మోటారు వేసిన నిమిషం దగ్గరికి త్రికోణం గుర్తు తిప్పి పెడితే ఎంతసేపైందో రింగే చెబుతుంది.

పాత హెచ్ఎంటీ కొనాలనుకుంటే

ఒకప్పుడు పెండ్లిలో అల్లుడికి సైకిలు, రేడియోతో పాటు పెట్టింది హెచ్ఎంటీ. జపాన్ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ఈ వాచీ కంపెనీని మూసేయాలని కేంద్రం 2016 జనవరిలో నిర్ణయించింది. ఆ తర్వాత పాతవాటికి గిరాకీ పెరిగింది, దాంతోపాటు రంగు వేసిన డయళ్లూ పెరిగాయి. నీలం, ఎరుపు, నారింజ రంగులు నిగనిగలాడుతూ కనబడితే అనుమానించాలి. భూతద్దం పెట్టి అక్షరాలు చూడాలి: అసలు ముద్రణ అంచులు సన్నగా తెగినట్టుంటాయి, తిరిగి వేసినవి లావుగా, వంకరగా ఉంటాయి. నిమిషాల ముల్లు గీతల దాకా అందకుండా పొట్టిగా ఉంటే అది వేరే వాచీది. ఇంట్లో తాతది మాసిపోయిన డయల్‌తో ఉంటే దానికి రంగు వేయించకపోవడమే మేలు.

కొనేది వాడుకోవడానికే అయితే డయల్ కంటే మిషన్ ముఖ్యం. అమ్మేవాళ్లను ఒకరోజు గడువు అడగాలి. నిండుగా చాబీ ఇచ్చి, ఫోన్ టైముతో కలిపి, ఆరు గంటలు డయల్ పైకి పెట్టి ఎంత తేడా వచ్చిందో రాసుకోవాలి. మళ్లీ కలిపి, చాబీ కిందికి ఉండేటట్టు గోడకు ఆనించి ఇంకో ఆరు గంటలు. ఈ రెండు తేడాల మధ్య ఇరవై సెకన్లు మించి ఎడం వస్తే బ్యాలెన్స్ ఇరుసు అరిగింది, లేదా నూనె ఎండిపోయింది. నూనె అయితే ఒక సర్వీసింగ్ ఖర్చు, ఇరుసైతే అంతకంటే ఎక్కువ; ధర ఆ మేరకు తగ్గించి అడగాలి.